రాతి మీది రాజు, తెర మీది రాజు

దుబాయి, షార్జా, అబుదాబి నగరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు రాజుల సినిమా విడుదల ఒక ప్రత్యేక సందర్భం. మామూలు సినిమాకు పిల్లలను తీసుకువెళ్ళాలా వద్దా అని తటపటాయించే తల్లిదండ్రులు సైతం ‘మన చరిత్ర’ అన్న మాట వినబడగానే ఇంటిల్లిపాదికీ టిక్కెట్లు కొంటారు. దానికి కారణం లేకపోలేదు. అక్కడి భారతీయ పాఠశాలల్లో అధికభాగం సీబీఎస్‌ఈ పాఠ్యప్రణాళికను అనుసరిస్తాయి. వాటిలో పదిహేనేళ్ళకు పైగా చలామణీ అయిన ఎన్‌సీఈఆర్‌టీ ఆరవ తరగతి చరిత్ర పుస్తకంలో గౌతమీపుత్ర శాతకర్ణికి దక్కినవి కొన్ని వాక్యాలు మాత్రమే. అదే కాలపు ఏడవ తరగతి పుస్తకంలో రుద్రమదేవి పేరు రజియా సుల్తానా ప్రస్తావన పక్కన ఒక చిన్న మాటగా వచ్చిపోయేది. పాఠ్యపుస్తకం విడిచిన ఆ ఖాళీని సినిమా పూరిస్తుందని తల్లిదండ్రుల ఆశ. చాలామంది పిల్లలకు శాతవాహనుల గురించిన తొలి చిత్రణా, చివరి చిత్రణా ఆ రెండున్నర గంటల్లో చూసినదే అవుతుంది.

అందువల్ల అటువంటి సినిమా నిరాశపరిస్తే జరిగే నష్టం టిక్కెట్టు ఖరీదుతో తీరేది కాదు. గుణశేఖర్ దర్శకత్వంలో 2015 అక్టోబరులో వచ్చిన ‘రుద్రమదేవి’, క్రిష్ దర్శకత్వంలో 2017 జనవరిలో బాలకృష్ణ నూరవ చిత్రంగా వచ్చిన ‘గౌతమీపుత్ర శాతకర్ణి’ తెలుగువారి రాజవంశాలను భారీ స్థాయిలో తెరకెక్కించాయి. రెండింటి వెనుకా సాహసం ఉంది, శ్రమ ఉంది. వాటి వసూళ్ళ సంగతి అలా ఉంచితే, కోటలూ ఏనుగులూ ఆవేశపూరితమైన సంభాషణలూ చూసి బయటికి వచ్చిన తరువాత రాజు ఎవరో, రాణి ఎవరో తెలిసిన భావన మిగలదు. ఈ వెలితికి మూలం ఏమిటన్నది పరిశీలించదగ్గ ప్రశ్న.

సాధారణంగా చూపే కారణం చారిత్రక దోషాలు. శాతకర్ణి చిత్రంలో చివరి యుద్ధం డెమిట్రియస్ అనే గ్రీకు ప్రభువుతో జరుగుతుంది. చరిత్రలో బాక్ట్రియాను ఏలి భారతదేశం వైపు వచ్చిన డెమిట్రియస్ క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్ది తొలినాళ్ళవాడు. గౌతమీపుత్రుడి కాలాన్ని క్రీస్తు తరువాత మొదటి శతాబ్దిలో పెట్టినా, రెండవ శతాబ్ది ఆరంభంలో పెట్టినా, ఇద్దరి మధ్య రెండున్నర శతాబ్దాలకు తగ్గని దూరం ఉంది. ఇంటికి వచ్చిన పిల్లలు ఇంటర్నెట్టులో వెతికితే ఐదు నిమిషాల్లో ఈ సంగతి తెలిసిపోతుంది. అప్పుడు కొట్టుకుపోయేది కల్పన ఒక్కటే కాదు. శాతవాహనుల గొప్పతనం గురించి చెప్పిన నిజాలు కూడా దానితో పాటే అనుమానాస్పదమవుతాయి.

అయినా దోషాల జాబితా ఈ వెలితిని పూర్తిగా వివరించలేదు. తెలుగులో నిలిచిపోయిన చారిత్రక చిత్రాలు కూడా చరిత్రతో స్వేచ్ఛ తీసుకున్నాయి. వాటిని ఎవరూ నిరాశపరిచిన చిత్రాలనరు. కొత్త చిత్రాల లోపం ఇంకా మొదట్లోనే ఉంది. అవి రాజు చరిత్రను కాక రాజు ప్రశస్తిని కథగా స్వీకరించాయి.

ఒకే గోడ మీద ఇద్దరు రాజులు

గౌతమీపుత్ర శాతకర్ణి గురించి లోకానికి తెలిసినదంతా దాదాపుగా నాసిక్ దగ్గరి త్రిరశ్మి కొండ మీది గుహల నుంచి వచ్చింది. అక్కడి మూడవ గుహలో అతని తల్లి గౌతమీ బాలశ్రీ చెక్కించిన శాసనం సుప్రసిద్ధం. శక, యవన, పహ్లవులను అణచినవాడనీ, క్షహరాత వంశాన్ని నిర్మూలించినవాడనీ, అతని గుర్రాలు మూడు సముద్రాల నీరు తాగాయనీ ఆ శాసనం వర్ణిస్తుంది. సినిమా ఈ వర్ణనను ఆధారం చేసుకొని భారతదేశాన్నంతా ఏకం చేయబూనిన చక్రవర్తిని నిర్మించింది.

ఈ శాసనం విషయంలో గుర్తుంచుకోవలసినవి రెండున్నాయి. మొదటిది, ఇది గౌతమీపుత్రుడు వేయించినది కాదు. అతని కుమారుడు వాసిష్ఠీపుత్ర పులుమావి పందొమ్మిదవ పాలనా సంవత్సరంలో, అంటే కొడుకు కన్నుమూసిన చాలా ఏళ్ళకు, ఒక వృద్ధమాత వేయించిన స్మృతి అది. బిడ్డ పోయిన తల్లి పలికిన మాటల్లో లోపాలు వెతకడం ఎంత అనుచితమో, వాటిని యథాతథంగా చరిత్రగా పరిగణించడం అంత అమాయకత్వం. రెండవది, ఆ శాసనం అతని ఏలుబడిలోని దేశాలను పేరుపేరునా చెబుతుంది: అసిక, అశ్మక, మూలక, సురాష్ట్ర, కుకుర, అపరాంత, అనూప, విదర్భ, ఆకరావంతి. పర్వతాల వరుసలో మహేంద్రం కనిపిస్తుంది గానీ దేశాల వరుసలో ఆంధ్రం పేరు లేదు. సినిమాలో మాత్రం రాజు అమరావతి నుంచి పాలిస్తాడు.

అదే గుహలో మరో రెండు శాసనాలున్నాయి. అవి ప్రశస్తులు కావు, ప్రభుత్వ ఉత్తర్వులు. గౌతమీపుత్రుడి పద్ధెనిమిదవ పాలనా సంవత్సరం నాటి ఉత్తర్వు విజయస్కంధావారం నుంచి వెలువడింది. అంతవరకు ఉషవదాతుడు అనుభవించిన పొలాన్ని కొండ మీది భిక్షువులకు ఇస్తున్నట్టు అందులో ఉంది. ఉషవదాతుడు శత్రురాజు నహపాణుడి అల్లుడు. యుద్ధం గెలిచిన రాజు చేసిన తొలి పనుల్లో ఒకటి ఓడినవాడి పొలాన్ని సన్యాసులకు ధారపోయడం.

ఆరేళ్ళ తరువాత, ఇరవై నాలుగవ సంవత్సరంలో, రాజూ రాజమాతా కలిసి గోవర్ధనంలోని అమాత్యుడికి మరో ఉత్తర్వు పంపారు. భిక్షువులకు కఖడి గ్రామంలో ఇచ్చిన పొలం సాగులో లేదు, ఆ ఊళ్ళో జనమే లేరు, కాబట్టి దానికి బదులు నగరపు సరిహద్దున ఉన్న రాజక్షేత్రం నుంచి నూరు నివర్తనాల భూమి ఇవ్వవలసింది అని దాని సారాంశం.

మూడు సముద్రాల నీరు తాగిన గుర్రాల రాజు, తాను దానమిచ్చిన ఊరు పాడుపడిందని ఒప్పుకొన్న రాజు ఒకే గుహలో పక్కపక్కన ఉన్నారు. ఆ ఊరు ఎందుకు ఖాళీ అయింది? శాసనం చెప్పదు. యుద్ధం వల్ల కావచ్చు, కరవు వల్ల కావచ్చు. జనం తాళలేని మరేదైనా కావచ్చు. రచయితకు కావలసిన అవకాశం సరిగ్గా అక్కడే ఉంది. సినిమా మొదటి రాజును తీసుకొని రెండవ రాజును గుహలోనే వదిలేసింది. ఆ చిత్రంలో కాస్త ప్రాణమున్న ఘట్టం, పసివాడైన కొడుకును రణరంగానికి తీసుకుపోవడాన్ని భార్య వాసిష్ఠీదేవి నిలదీయడం. రాజుకు ఎదురు చెప్పగల మనిషి ఒక్కరున్న చోట కథ బలపడింది. మిగతా అంతటా శత్రువులు తప్ప అతన్ని ప్రశ్నించేవారే లేరు.

రేవుల కోసం జరిగిన పోరు

నహపాణుడితో గౌతమీపుత్రుడి వైరానికి సినిమా చూపిన కారణం దేశసమైక్యత. సమకాలీన ఆధారాలు చెప్పే కారణం వర్తకానికి చాలా దగ్గర. క్రీస్తు శకం మొదటి శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు రాసిన ‘ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్’ ఈ తీరాల వర్తకాన్ని రేవు వారీగా వర్ణిస్తుంది. అందులో ప్రస్తావించిన ఒక రాజును చరిత్రకారులు సాధారణంగా నహపాణుడిగా గుర్తిస్తారు. కల్యాణి రేవు ఒకప్పుడు సక్రమంగా సాగేదనీ, తరువాత అక్కడ ఆటంకాలు ఎక్కువయ్యాయనీ, అక్కడికి చేరిన గ్రీకు నౌకలను కాపలా పెట్టి భరుకచ్ఛానికి తరలించే అవకాశముందనీ ఆ గ్రంథం హెచ్చరిస్తుంది. ఇవి దక్కను కనుమల నుంచి పడమటి సముద్రానికి దిగే దారుల మీద ఆధిపత్యం కోసం సాగిన పోరాటపు ఆనవాళ్ళు.

ఆ పోరు ఫలితం నాణేలలో మిగిలింది. 1906లో నాసిక్ దగ్గరి జోగల్‌తెంబిలో నహపాణుడి వెండి నాణేలు 13 వేలకు పైగా దొరికాయి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్రుడు తన ముద్రను తిరిగి కొట్టించాడు. ఓడిన రాజు ముఖం మీద గెలిచిన రాజు గుర్తు పడింది గానీ వెండి అదే, చలామణీ అదే. విజయం అంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పే దృశ్యం యుద్ధసన్నివేశాల్లో దొరకదు.

ఈ కథకు యూఏఈ పాఠకుడికి ఒక దగ్గరి బంధం ఉంది. భరుకచ్ఛం నుంచి పెద్ద నౌకలు రాగి, చందనం, టేకు దూలాలు, నల్లచేవ కర్ర నింపుకొని ఒమానా అనే రేవుకు పోయేవని పెరిప్లస్ చెబుతుంది. తిరుగు ప్రయాణంలో ముత్యాలు, ఖర్జూరాలు, బంగారం, బానిసలు వచ్చేవారు. ఆ ఒమానాను ఉమ్ అల్ కువైన్‌లోని ఎద్-దూర్ అనే ప్రాచీన నివాసస్థలంగా పలువురు పురావస్తువేత్తలు భావిస్తారు. షార్జా నుంచి రాస్ అల్ ఖైమా వైపు తీరం వెంట పోయే దారికి చేరువలోని ఇసుకదిబ్బల్లో ఆ శిథిలాలున్నాయి. అంటే శాతవాహనులకూ క్షహరాతులకూ మధ్య రేవుల కోసం జరిగిన తగవులో రెండవ ఒడ్డు ఇది. నేడు తెలుగువారు ఉద్యోగాలకు వచ్చిన తీరానికి రెండు వేల ఏళ్ళ క్రితం దక్కను రేవుల టేకు దూలాలు వచ్చేవి. సినిమా ఈ ఒడ్డు వైపు చూసి ఉంటే, రాజు ఎవరి మీద ఆధారపడ్డాడన్న ప్రశ్న తప్పక ఎదురయ్యేది. వర్తకులు లేకుండా, రేవులు లేకుండా, పరాయి నావికులు లేకుండా ఆ వెండి లేదు. వెండి లేకుండా ఆ సైన్యం లేదు.

శత్రువుల ప్రశస్తి కూడా ఉందని ఇక్కడ చెప్పుకోవాలి. సుమారు క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో శక క్షత్రపుడు రుద్రదాముడు, దక్షిణాపథపతి అయిన శాతకర్ణిని రెండుసార్లు ఓడించి కూడా బంధుత్వం కారణంగా నాశనం చేయకుండా విడిచిపెట్టానని చెప్పుకొన్నాడు. ఆ శాతకర్ణి గౌతమీపుత్రుడా, అతని వారసుడా అన్నది వివాదాంశం. ఎవరైనప్పటికీ, శకులను నిర్మూలించామన్న వంశం కొద్దికాలానికే శకులతో వియ్యమందింది. విరోధం వియ్యంగా మారిన ఇల్లు ఏ రచయితకైనా గొప్ప కథావస్తువు. ప్రశస్తికి మాత్రం అది పనికిరాదు.

రహస్యమే లేని రాణి

రుద్రమదేవి చిత్రానికి ఆధారం ఆమె పురుషవేషం. పుట్టిన ఆడపిల్లను మగపిల్లవాడిగా ప్రకటించడం, ఆ రహస్యాన్ని కాపాడటం, అది బయటపడితే ఏమవుతుందన్న ఉత్కంఠ, ఇవి కథను నడిపిస్తాయి. ఆమెను మించి ప్రేక్షకులకు గుర్తుండిపోయింది, అల్లు అర్జున్ తెలంగాణ యాసలో పలికిన గోన గన్నారెడ్డి మాటలు. కథానాయిక చిత్రంలో సహాయపాత్ర వచ్చినప్పుడల్లా హాలు మేల్కొన్నదంటే లోపం నటీమణిలో లేదు, పాత్ర నిర్మాణంలో ఉంది. గన్నారెడ్డి దారిదోపిడీదారా, దేశభక్తుడా అన్న సందిగ్ధత ఆ పాత్రకు ఉంది. రుద్రమకు సందేహాలే లేవు.

శాసనాల్లోని రుద్రమ ఇంతకంటే ఆసక్తికరమైన వ్యక్తి. తండ్రి గణపతిదేవుడి తరువాత 1260ల మొదలు 1289 వరకు ఏలిన ఆమెను శాసనాలు పలుచోట్ల ‘రుద్రదేవ మహారాజు’ అని పుంలింగంలోనే పేర్కొంటాయి. ఈ విషయాన్ని విశ్లేషించిన చరిత్రకారిణి సింథియా టాల్బట్ ఆమెను ‘ఆడ రాజు’గా వర్ణించింది. ఇక్కడ పుంలింగం మారువేషం కాదు, పదవి స్వభావం. రాజరికం పురుషుడిదిగా తలచే సమాజంలో రాజ్యాధికారం చేపట్టిన స్త్రీ ఆ పదవి భాషను ధరించింది. ఆమె స్త్రీ అన్నది దాగని సత్యం. మార్కోపోలో మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ అక్కడ పాలించేది వివేకవతి అయిన రాణి అన్నాడు. ఆమెను రాజు కూతురిగా కాక విధవరాలిగా పొరపడ్డాడు గానీ ఏలుతున్నది స్త్రీ అన్న సంగతి అతనికి తెలుసు. వెనిస్ వర్తకుడికి సైతం తెలిసిన విషయం ఓరుగల్లు ప్రజలకు రహస్యమెలా అవుతుంది?

అసలు నాటకం రహస్యంలో లేదు. అందరికీ తెలిసిన నిజాన్ని అందరూ కలిసి ‘మహారాజు’ అనే మాటలో ఇమిడ్చి, ముప్పై ఏళ్ళకు చేరువగా రాజ్యం నడపడంలో ఉంది. ప్రతి సామంతుడూ ఆ మాట అన్నప్పుడు దానిలో విధేయత ఎంత, వ్యంగ్యం ఎంత? ఆమె ప్రతి ఉత్తర్వులోనూ తన పేరును తండ్రి తాతల వ్యాకరణంలోకి మార్చుకోవలసి రావడం ఎటువంటి అనుభవం? ఈ ప్రశ్నలకు ఆధారాలు సమాధానం ఇవ్వవు. ఆ సమాధానాన్ని ఊహించడమే చారిత్రక చిత్రం పని. సినిమా దాన్ని బయటపడే రహస్యంగా మార్చడంతో, రహస్యం తీరగానే కథకు చెప్పడానికి మిగిలింది దేవగిరి మహాదేవుడితో యుద్ధమే.

ఆమె మరణం గురించిన ఆధారం కూడా అటువంటిదే. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు నాటి ఒక శాసనం దొరికింది. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు, శివసాయుజ్యం పొందిన రుద్రమదేవికీ సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యంగా ఇచ్చిన భూదానాన్ని అది నమోదు చేసింది. ఆ మరుసటి ఏడే కాయస్థ అంబదేవుడు త్రిపురాంతకంలో తన విజయాల పట్టిక చెక్కించుకున్నాడు. ఒకప్పుడు కాకతీయులకు అండగా నిలిచిన సామంత కుటుంబం అతనిది. అతనిపై యుద్ధంలోనే రుద్రమ మరణించి ఉంటుందని చరిత్రకారులు ఈ రెండు శాసనాలను కలిపి ఊహించారు. ఓరుగల్లు మహారాజు మరణవార్తను ఈనాటికి చేర్చినది రాజకవి కాదు, ఒక సేవకుడు ఇచ్చిన కొద్దిపాటి పొలం. రుద్రమ కథ ముమ్మడి నోట మొదలైతే ఎలా ఉండేదో ఆలోచించవచ్చు.

పాత చిత్రాలకు తెలిసిన కిటుకు

తెలుగు సినిమాకు ఈ విద్య తెలియనిది కాదు. 1962లో కమలాకర కామేశ్వరరావు తీసిన ‘మహామంత్రి తిమ్మరుసు’లో శ్రీకృష్ణదేవరాయలు ఎన్.టి.రామారావు. అయినా ఆ చిత్రం గుమ్మడిది. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాతల ప్రకారం, రాయలు తన పసి కుమారుడి విషమరణానికి తిమ్మరుసు కుటుంబాన్ని బాధ్యులను చేసి మంత్రి కళ్ళు తీయించాడు. చిత్రం మంత్రిని నిర్దోషిగా నిలిపింది. అది చరిత్ర కాకపోవచ్చు. కానీ తండ్రి వంటి మంత్రి కళ్ళు తీయించి ఆ తరువాత నిజం తెలుసుకున్న రాజును ప్రేక్షకుడి ముందు నిలబెట్టింది. తప్పు చేయగల రాజు అతడు. ఆ తప్పు తిరిగి దిద్దుకోలేనిది.

‘మల్లీశ్వరి’ (1951) మరింత సున్నితమైన ఉదాహరణ. వానకు తలదాచుకున్న చోట నాగరాజు పరిహాసంగా అన్న మాటను మారువేషంలో ఉన్న రాయలు ఆలకిస్తాడు. కొన్నాళ్ళకు మల్లీశ్వరి ఇంటి ముందు పల్లకీ దిగుతుంది. రాయలలో దుర్మార్గం లేదు. అతని దయే ఇద్దరి బ్రతుకును చీల్చింది. అధికారం అంటే ఏమిటో చెప్పడానికి బి.ఎన్.రెడ్డికి ఒక్క యుద్ధమూ అవసరం పడలేదు. ‘పల్నాటి యుద్ధం’ (1947, 1966), ‘బొబ్బిలి యుద్ధం’ (1964) చిత్రాల మూలం ప్రశస్తి కావ్యాలు కావు. వీరగాథలూ, జానపద గాయకులు పాడుకున్న కథలూ. అవి రెండూ వినాశనంతో ముగిసే కథలే. తెలుగు ప్రజ తన పాలకులను శతాబ్దాల పాటు గుర్తుపెట్టుకున్నది విజయగాథల్లో కన్నా ఇటువంటి శోకగాథల్లోనే ఎక్కువ.

ఇది తెలుగుకే పరిమితమైన సూత్రం కూడా కాదు. జపాన్‌లో కురొసావా ‘కగెముషా’ (1980) తీసినప్పుడు గొప్ప ప్రభువు టకెడా షింగెన్‌ను కాక అతని స్థానంలో కూర్చోబెట్టిన ఒక దొంగను కథానాయకుడిగా ఎంచుకున్నాడు. సింహాసనం బరువు తెలిసేది దాని మీద కూర్చోవడానికి అర్హత లేని మనిషికే.

ఖోర్ ఫక్కాన్ గుర్రపుశాలలు

యూఏఈలో ఇటీవల వచ్చిన ఒక చారిత్రక చిత్రం ఈ చర్చకు మరో కోణాన్ని చూపుతుంది. 2020లో షార్జా ప్రసార సంస్థ నిర్మించిన ఆ చిత్రం ఖోర్ ఫక్కాన్ మీద 1507లో జరిగిన పోర్చుగీసు దాడిని చిత్రించింది. దానికి ఆధారం షార్జా పాలకుడు షేక్ సుల్తాన్ బిన్ ముహమ్మద్ అల్ ఖాసిమీ రచన. పాలకుడి రచన ఆధారంగా ప్రభుత్వ సంస్థ తీసిన చిత్రం కనుక దానికీ ప్రశస్తి ధోరణి సహజమే. కానీ కథావస్తువు ఎంపిక గమనించదగ్గది. ఒక రాజు గెలిచిన యుద్ధాన్ని కాక, ఒక ఊరు ఎదిరించి ఓడి కాలిపోయిన రోజును ఎంచుకున్నారు. ఆ రోజు గురించిన ప్రధాన సమకాలీన ఆధారం కూడా శత్రువులదే. దాడికి నాయకుడైన అఫోన్సో ద అల్బుకర్క్ చర్యలను అతని కుమారుడు ‘వ్యాఖ్యలు’ పేరుతో గ్రంథస్థం చేశాడు.

ఆ గ్రంథంలో ఖోర్ ఫక్కాన్ వర్ణన తెలుగు పాఠకుడిని ఆపి ఆలోచింపజేస్తుంది. ఆ ఊళ్ళో పెద్ద పెద్ద గుర్రపుశాలలు, గడ్డి కొట్టాలు ఉన్నాయనీ, అక్కడి నుంచి భారతదేశానికి చాలా గుర్రాలు ఎగుమతి అవుతాయనీ అందులో ఉంది. ఆ కాలంలో గుర్రాలను అత్యధికంగా కొనే రాజ్యాల్లో విజయనగరం ఒకటి. రాయలు ఏటా 13 వేల హోర్ముజ్ గుర్రాలనూ నాటు గుర్రాలనూ కొనేవాడని నూనిజ్ రాశాడు. ఆ నూనిజ్ స్వయంగా గుర్రాల వర్తకుడు.

1509లో కృష్ణదేవరాయలు సింహాసనమెక్కాడు. ఆ మరుసటి ఏడు అల్బుకర్క్ లూయిస్ అనే క్రైస్తవ సన్యాసిని రాయబారిగా విజయనగరానికి పంపాడు. సముద్రం మీద తన అదుపులో ఉన్న గుర్రాల వర్తకాన్ని ఎరగా చూపి స్నేహం కోరాడు. ఆ ఏడే గోవాను పట్టాడు. అంతకు మూడేళ్ళ ముందు ఖోర్ ఫక్కాన్‌ను తగలబెట్టినవాడూ, రాయలకు గుర్రాలు అందించగల సముద్రమార్గాన్ని గుప్పిట పెట్టుకున్నవాడూ ఒకడే. ‘సాహితీ సమరాంగణ సార్వభౌముడు’ తన సమరాంగణానికి కావలసిన గుర్రాల కోసం పరాయి నౌకాసేనాని ముఖం చూడవలసి వచ్చింది. ఆ సాయం ఏ ధరకు లభిస్తుందో, దాని కోసం ఎన్ని సంగతులు చూడనట్టు ఊరుకోవాలో ఆ సభలో చర్చ జరిగే ఉంటుంది. ఏ ప్రశస్తీ దాన్ని నమోదు చేయలేదు. ఏ సినిమా ఇంతవరకు ఆ సభలోకి అడుగు పెట్టలేదు.

నవీన అగ్రహారాలు

ప్రశస్తి రచన వెనుక ఎప్పుడూ ఒక పోషకుడుంటాడు. కవికి అగ్రహారం వచ్చేది. ఈనాటి చిత్రాలకు పన్ను మినహాయింపు వచ్చింది. రుద్రమదేవికి తెలంగాణ ప్రభుత్వం వినోదపు పన్ను మినహాయించింది. గౌతమీపుత్ర శాతకర్ణికి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ మినహాయించాయి. అప్పటికి రాష్ట్ర విభజన జరిగి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఒక రాష్ట్రానికి కాకతీయుల వారసత్వం, మరో రాష్ట్రానికి అమరావతి పేరు రాజకీయంగా అవసరమయ్యాయి. ప్రభుత్వాలు చరిత్ర చిత్రాలను ప్రోత్సహించడం తప్పు కాదు. అయితే ప్రోత్సాహం లభించేది గర్వకారణమైన రాజుకే గానీ, కఖడి గ్రామం పాడుపడిందని ఒప్పుకున్న రాజుకు కాదు. దీనికి భారీ పెట్టుబడి తోడవుతుంది. అన్ని కోట్లు పెట్టిన నిర్మాత, అగ్రనటుడి అభిమానుల ముందు నాయకుడిని సందేహంలో నిలబెట్టడానికి జంకుతాడు. ఫలితంగా రెండు వేల ఏళ్ళ నాటి రాతి మీది పొగడ్త మరింత బిగ్గరగా తెర మీదికి ఎక్కుతుంది.

విదేశాల్లోని తెలుగువారి ఆశ కూడా ఈ ఒత్తిడిలో భాగమే. మాతృభూమికి దూరమైనవారికి గొప్ప పూర్వీకుడు కావాలనిపించడం సహజం. పరాయి దేశంలో పిల్లలకు చూపించడానికి తల ఎత్తి నిలిచే రాజు ఒకడు కావాలి. కానీ పిల్లలు త్వరగా పెరుగుతారు. పొగడ్తతో మాత్రమే పరిచయమైన రాజును మొదటి సందేహం కలగగానే వాళ్ళు వదిలేస్తారు. తప్పు చేసి దిద్దుకోబోయిన రాజును, తండ్రుల వ్యాకరణంలో పాలించిన రాణిని, గుర్రాల కోసం అగ్నికీలలు రేపినవాడితో మాట్లాడవలసి వచ్చిన చక్రవర్తిని అంత తేలికగా వదలలేరు. ఎందుకంటే వాళ్ళను నమ్మడానికి పొగడ్త అక్కరలేదు.

త్రిరశ్మి కొండ మీద మూడవ గుహకు దగ్గరలోనే పదవ గుహ ఉంది. అది నహపాణుడి అల్లుడు ఉషవదాతుడు తొలిపించినది. గెలిచినవారి గుహ ముఖద్వారం ఓడినవారి గుహ ముఖద్వారాన్ని చాలావరకు అనుకరించి కట్టినట్టు కళాచరిత్రకారులు గుర్తించారు. ఒకరి పేరును నాణేల మీద చెరిపిన రాజవంశం వారి శిల్పాన్ని మాత్రం మెచ్చి తన గుహకు వాడుకుంది. క్షహరాతులను నిర్మూలించాడన్న తల్లి మాటలు ఆ అనుకరణ కిందనే చెక్కి ఉన్నాయి. శాతకర్ణి మీద మరో సినిమా ఎప్పుడైనా తీయదలచుకున్నవారు ముందుగా ఈ రెండు గుహల ముందు కాసేపు నిలబడితే చాలు. కఖడి పొలం ఎందుకు బీడుపడిందన్న ప్రశ్నతో అక్కడి నుంచి బయలుదేరవచ్చు.